మీకు తెలుసా? ఇత్తడి మెరుపు చింతపండు పిప్పిలో ఉంది

చారుకి పులుసు పిసికాక మిగిలిన చింతపండు పిప్పిని అమ్మమ్మలు పారేసేవారు కాదు. గిన్నెలు తోమే చోట ఓ పక్కన పెట్టేవారు. అది ఒట్టి పొదుపే అనుకుంటే పొరపాటు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. గాలి తగిలితే అందులోని రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది. చెంబు నల్లబడేది అందుకే. చింతపండులో దండిగా ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. చిటికెడు ఉప్పు కలిపితే పని ఇంకా త్వరగా అవుతుంది (చేతికి గీతలుంటే మాత్రం చురుక్కుమంటుంది!). జిడ్డు వదలడానికి కట్టెల పొయ్యి బూడిద ఎలాగూ ఉండేది, అందులో ఉన్నది క్షారం. తోమాక బాగా కడిగి, పొడిగుడ్డతో వెంటనే తుడవండి. ఆ పులుపుతోనే చిక్కు కూడా ఉంది, అది లోహాన్నీ కరిగించి చారులో కలుపుతుంది: కళాయి (తగరం పూత) లేని ఇత్తడి గిన్నెలో చారు కాయకండి.