తడి చెత్తకు ఇంట్లోనే వానపాముల టబ్బు.. ఎలా పెట్టాలి? ఎక్కడ తప్పు జరుగుతుంది?

చెత్త ఆటో రెండు రోజులు రాకపోతే ముందుగా కంపు కొట్టేది ప్లాస్టిక్ కవర్లు కాదు, కూరగాయల తొక్కలు. హైదరాబాద్‌లో అయితే ఇవి రెండూ కలిసిపోయి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరతాయి. గుట్టల కింద గాలి ఆడకుండా కుళ్లిన తడి చెత్త నుంచి మీథేన్ వాయువు వస్తుంది, నల్లటి నీరు ఊరుతుంది. ఆ చుట్టుపక్కల కాలనీల వాళ్లు కంపు గురించి, బోరు నీళ్ల గురించి ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు.

తడి, పొడి చెత్తను వేరు చేసి ఇవ్వడం 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల నుంచీ ప్రతి ఇంటి బాధ్యత. మీ బాల్కనీలో వానపాముల టబ్బు పెట్టుకుంటే ఆ తడి చెత్తలో కొంత అసలు గేటే దాటదు. అయితే కొంతే, మొత్తం కాదు. ఈ లెక్క ముందే తెలిస్తే నెల తిరిగేసరికి టబ్బును మూల పడేయాల్సిన అవసరం రాదు.

రోజుకు ఎంత తింటాయి?

నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు అరకిలో నుంచి కిలో దాకా తడి చెత్త వస్తుంది. బాగా కుదురుకున్న వానపాములు రోజుకు తమ బరువులో దాదాపు సగం తింటాయి. అంటే పావుకిలో వానపాములతో మొదలుపెడితే వాటికి సరిపోయేది రోజుకు 100 గ్రాములు, మహా అయితే 125. మూడు అరటిపండ్ల తొక్కలంత. మొదటి వారం అదీ ఎక్కువే.

చాలామంది ఉత్సాహం కొద్దీ మొదటి రోజే గిన్నెడు తొక్కలు కుమ్మరిస్తారు. అవి తినేలోపే కుళ్లి, పులిసి, వేడెక్కుతాయి. వానపాములు టబ్బు గోడలెక్కి పారిపోతాయి, లేదా లోపలే చనిపోతాయి. ఇక్కడ ఆకలితో చచ్చేవి తక్కువ, అజీర్తితో చచ్చేవే ఎక్కువ. అన్నీ అనుకూలిస్తే రెండు మూడు నెలల్లో వాటి సంఖ్య రెట్టింపవుతుంది. అప్పుడు మేత పెంచండి.

ఏ వానపాములు?

వానాకాలం పెరట్లో కనిపించేవి, చేపల గాలానికి గుచ్చే ఎర్రలు దీనికి పనికిరావు. అవి మట్టిలో బొరియలు చేసుకుని బతికే రకాలు. మనకు కావాల్సింది కుళ్లుతున్న ఆకు, పేడ మధ్య పైపొరలో బతికేవి. ఎయిసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే అనే రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. మన వేడికి రెండోదే కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనో, దగ్గర్లోని వర్మీ కంపోస్టు యూనిట్లోనో అడగండి. పావుకిలో చాలు.

టబ్బు ఇలా

20 నుంచి 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు తీసుకుని అడుగున, పక్కల చిన్న రంధ్రాలు చేయండి. కింద ఒక పళ్లెం పెట్టండి. అడుగున నాలుగైదు అంగుళాల మందాన నానబెట్టి పిండిన కోకోపీట్, చింపిన న్యూస్‌పేపర్, ఎండుటాకులు పరచండి. రెండు మూడు గుప్పెళ్ల పాత పేడ కలపండి. తాజా పేడ వేడి పుట్టిస్తుంది, కనీసం పదిహేను రోజులు ఆరినదైతే మంచిది. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. వానపాములు చర్మంతోనే ఊపిరి పీలుస్తాయి కాబట్టి ఎండిపోతే ఎంత ప్రమాదమో, నీళ్లు నిలిచినా అంతే. పైన తడిపిన గోనె సంచి కప్పండి.

చీమల సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. చక్కెర డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే టబ్బు స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి. చీమల మందు మాత్రం చల్లొద్దు, అది వానపాములను కూడా చంపుతుంది.

ఎండ అసలు తగలకూడదు. లోపలి వేడి 35 డిగ్రీలు దాటితే అవి తట్టుకోవడం కష్టం. అందుకే మే నెలలో మొదలుపెట్టొద్దు. వానలు పడ్డాక పెడితే వచ్చే వేసవికి మీకూ కాస్త చేయి తిరుగుతుంది.

మన వంటింట్లో ఏది వేయొచ్చు?

కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు, పండ్ల తొక్కలు, కడిగిన టీ పొడి నిక్షేపంగా వేయొచ్చు. చిన్న ముక్కలు చేసి, ఒక మూల గుంట తీసి పూడ్చండి. పైపైన పడేస్తే చిన్న ఈగలు ముసురుతాయి. చింతపండు పిప్పి, నిమ్మ చెక్కలు, పచ్చిమిర్చి తొడిమలు మన ఇళ్లలో రోజూ ఉండేవే, కానీ టబ్బులో వేయకపోవడమే మేలు. పులుపు, ఘాటు వాటికి పడవు. ఉప్పూ నూనె తగిలిన కూర, పెరుగన్నం, మాంసం, ఎముకలు అసలే వద్దు. ఇవన్నీ మామూలుగానే తడి చెత్త డబ్బాలోకి. గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి చల్లితే పులుపు తగ్గుతుంది.

టబ్బు కంపు కొడుతోందంటే మేత ఎక్కువైందని అర్థం. వారం పాటు ఏమీ వేయకండి. ఎండుటాకులు, కాగితం ముక్కలు కలిపి మెల్లగా కదిపి వదిలేయండి. బాగా నడిచే టబ్బు తొలకరి మట్టి వాసన వేస్తుంది. పొరుగు ఫ్లాట్ వాళ్లు ఫిర్యాదు చేశారంటే తప్పు వానపాములది కాదు, మనదే.

ఎరువు ఎప్పుడు?

మొదటిసారి రెండు మూడు నెలలు పడుతుంది. టీ పొడిలా నల్లగా, గుండగా అయ్యాక దాన్ని ఒక పక్కకు జరిపి, రెండో పక్క కొత్త మేత వేయండి. పది, పదిహేను రోజుల్లో వానపాములు అటు వెళ్లిపోతాయి. ఖాళీ అయిన వైపు తీసుకోండి. కుండీకి నెలకో గుప్పెడు చాలు. పళ్లెంలోకి కారిన నీటిని వర్మీవాష్ అనుకుని మొక్కలకు నేరుగా పోయొద్దు. కుళ్లు వాసన వస్తే పారబోయండి. లేకపోతే పదింతల నీళ్లు కలిపి వాడండి.

మీ అపార్ట్‌మెంట్ నుంచి రోజుకు సగటున 100 కిలోలకు పైగా చెత్త వెళ్తోందా? 2016 నియమాలే అలాంటి సముదాయాలను భారీ చెత్త ఉత్పత్తిదారుల కింద లెక్కగట్టాయి. అలాంటి చోట బాల్కనీ టబ్బులతో పని జరగదు. తడి చెత్తను ఆవరణలోనే ఎరువుగా మార్చే ఏర్పాటు గురించి అసోసియేషన్ సమావేశంలో అడగండి.