ఎన్ని వ్యూసొచ్చాయేంటి?

యూట్యూబులో ఉన్న ఒక మామూలు వీడియోకు ఎన్ని వ్యూస్ ఉంటాయి? లక్ష అనేవాళ్లుంటారు, కాస్త జాగ్రత్తపరులైతే పదివేలంటారు. అసలు సంఖ్య 40కి అటూ ఇటూ! అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్హర్స్ట్‌లో ఈథన్ జుకర్‌మన్ బృందం తేల్చిన లెక్క ఇది. అక్కడున్న వీడియోలన్నిటినీ వ్యూస్ వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలిచేదానికి దక్కినవి 41. మీ వీడియో 130 దాటిందంటే పై మూడో వంతులో చేరినట్టే, స్వీట్లు పంచుకోవచ్చు. నూటికి నాలుగు వీడియోలను ఇంతవరకూ ఒక్కరూ చూడలేదు.

ఈ లెక్క తీసిన పద్ధతి దానికదే ఒక వింత. తన దగ్గర ఏమేం ఉన్నాయో మొత్తం జాబితాను యూట్యూబు ఎవరికీ ఇవ్వదు. అది మనకు చూపించేవేమో చాలావరకు ఇప్పటికే పదిమందీ చూసినవి. అందుకని వీళ్లు ప్రతి వీడియో చిరునామా చివర ఉండే 11 అక్షరాలను కంప్యూటరు చేత గుడ్డిగా కొట్టించారు. తోచిన నంబరుకల్లా ఫోన్ చేసి ఎవరైనా ఎత్తుతారేమో చూడటమే ఇది. రమారమి 187 కోట్ల రాంగ్ నంబర్లకు ఒక్క వీడియో తగులుతుంది. ఒకేసారి వేలకొద్దీ చిరునామాలను పరీక్షించే కిటుకు ఒకటి దొరకబట్టి పని జరిగింది గానీ, లేకపోతే ఆ బృందం ఈపాటికి ఇంకా డయల్ చేస్తూనే ఉండేది. అలా పదివేల పైచిలుకు వీడియోలు చేతికొచ్చాయి. ఎన్ని ప్రయత్నాలకు ఒకటి దొరికిందో తెలిస్తే మొత్తం ఎన్నున్నాయో కూడా తెలిసిపోతుంది: వెయ్యి కోట్ల పైమాటే.

ఆ వెయ్యి కోట్లలో మొదటిది 19 సెకన్లది. 2005 ఏప్రిల్ 23న యూట్యూబుకెక్కిన ఆ వీడియోలో, సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం, శాన్ డియేగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు ఎంత పొడవో చెప్పి ఊరుకున్నాడు. అంతకు మించి అందులో ఏమీ లేదు. 2021 నవంబరులో యూట్యూబు డిస్‌లైకుల సంఖ్యను జనానికి కనబడకుండా దాచేసినప్పుడు, ఈ వీడియో కిందున్న వివరణను మార్చేసి తన నిరసన రాసింది ఆయనే. సొంత ఇంటి గోడ మీదే నినాదం రాసిన పెద్దమనిషి!

301 దగ్గర ఆగిపోయిన లెక్క

2015కు ముందు యూట్యూబు చూసినవాళ్లకు ఈ సంగతి గుర్తుండాలి. కొత్త వీడియోకు లైకులు రెండు వేలు దాటి ఉంటాయి, వ్యూస్ మాత్రం 301 దగ్గర బిగుసుకుపోయి ఉంటాయి. చూడకుండానే లైకు కొట్టారా అని జనం తలలు పట్టుకునేవారు. జరిగిందేమిటంటే, మొదటి 300 వరకు యూట్యూబు పెద్దగా పట్టించుకోకుండా వచ్చినవి వచ్చినట్టు లెక్కేసేది. ఆ పైన మాత్రం, ఇవి నిజంగా మనుషులు చూసినవా, యంత్రాలతో కొట్టించినవా అని తనిఖీ మొదలయ్యేది. అది పూర్తయ్యేదాకా అంకె కదలదు. మరి 300 దగ్గర ఆగాల్సింది 301 దగ్గరెందుకు ఆగింది? ప్రోగ్రాం రాసిన మనిషి ‘300 కంటే తక్కువైతే’ అని రాయాల్సిన చోట ‘300 లేదా అంతకు తక్కువైతే’ అని రాశాడు. ఆ ఒక్క గుర్తు పుణ్యమా అని ప్రపంచమంతటా కొన్నేళ్లపాటు 301 ఒక ప్రసిద్ధ సంఖ్యగా వెలిగింది. 2015 ఆగస్టులో ఆ పద్ధతి ఎత్తేశారు.

యంత్రం లెక్క తప్పడానికి సిద్ధపడ్డ సందర్భం ఇంకొకటుంది. దక్షిణ కొరియా గాయకుడు సై పాడిన ‘గంగ్నమ్ స్టైల్’ 2012 జులై 15న వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 21న 100 కోట్ల వ్యూస్ దాటింది, అంతకుముందు మరే వీడియోకూ దక్కని గౌరవం అది. మాయా క్యాలెండరు ప్రకారం యుగాంతమని లోకమంతా చెప్పుకున్న రోజూ అదే. లోకం బతికింది. ఈ పాట దెబ్బకు ఇబ్బందిలో పడ్డది యూట్యూబు మీటరు. ఆ మీటరును కట్టిన పద్ధతిలో అది లెక్కపెట్టగల గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఒక వీడియోను అన్నిసార్లు చూస్తారని కట్టినప్పుడు ఎవరూ ఊహించలేదు. 2014 డిసెంబరు నాటికి ఈ పాట ఆ గీత దాటింది. సంగతి ముందే పసిగట్టిన ఇంజనీర్లు మీటరును మార్చిపెట్టుకున్నారు కాబట్టి గండం గడిచింది. ఇప్పుడున్న మీటరు పరిమితి 92 వేల కోట్ల కోట్లకు పైచిలుకు. ఇక ఏ హీరో అభిమానులైనా నిశ్చింతగా కొట్టుకోవచ్చు.

జనాభా కంటే వ్యూసెక్కువ

2017 జులైలో ‘సీ యూ అగైన్’, వెనువెంటనే ఆగస్టులో ‘డెస్పాసీటో’ గంగ్నమ్‌ను కిందికి నెట్టాయి. 2020 నవంబరులో వాటన్నిటినీ పక్కకు జరిపి గద్దెనెక్కింది ఒక సొరచేప పిల్ల. కొరియా సంస్థ పింక్‌ఫాంగ్ 2016లో పెట్టిన ‘బేబీ షార్క్ డ్యాన్స్’, 2022 జనవరిలో 1000 కోట్ల వ్యూస్ దాటింది. ఆ ఘనత దానికి ముందు ఏ వీడియోకూ లేదు. అప్పటికి ప్రపంచ జనాభా 800 కోట్లకు కూడా చేరలేదు. పాట నిడివి 2 నిమిషాల 16 సెకన్లు. ప్రతిసారీ చివరిదాకా చూశారనుకుంటే ఆ 1000 కోట్ల చూపుల కాలం 43 వేల ఏళ్లు!

ప్రపంచంలో అందరూ చూసి, ఇంకొందరు రెండోసారి చూశారా? కాదు. ముద్ద నోట్లోకి పోవాలంటే ఫోను కావాలనే పసివాళ్లు ఒక్కొక్కరు వందలసార్లు చూశారు. మన దేశంలో 300 కోట్లు దాటిన మొదటి వీడియో ఏదో కనుక్కుంటే ఇది ఇంకా బాగా బోధపడుతుంది. అది సినిమా పాట కాదు, టీ సిరీస్ వాళ్లు 2011లో పెట్టిన హనుమాన్ చాలీసా. హరిహరన్ గొంతు. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టగానే మోగించే ఇళ్లు ఎన్ని! అంటే అగ్రస్థానాలు దక్కేది ఎక్కువమంది చూసినవాటికి కాదు, చూసినవాళ్లే రోజూ చూసేవాటికి. పసిపిల్లలు, భక్తులు — ఈ ఇద్దరి ముందు ఏ సూపర్‌స్టారూ నిలవలేడు.

నిజంగా మనుషుల తలలు లెక్కపెట్టాలంటే ప్రత్యక్ష ప్రసారం కొంత నయం. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి లేచిన చంద్రయాన్-3, ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగుతుంటే, ఇస్రో యూట్యూబు ఛానెల్లో ఒకే క్షణాన 80 లక్షలకు పైగా తెరలు వెలిగి ఉన్నాయి. ఆనాటికి యూట్యూబు చరిత్రలో అది రికార్డు. ఒకే క్షణం లెక్క కాబట్టి వెనక్కి తిప్పి మళ్లీ చూసి పెంచడానికి వీల్లేదు. తెర ఒకటే అయినా ముందు కూర్చున్నది ఒకరా, బడిలోని నాలుగు తరగతుల పిల్లలా అన్నది మాత్రం దానికీ తెలియదు. ఆ రోజు మన బళ్లలో చాలాచోట్ల రెండోదే జరిగింది.

24 గంటల పందెం

టీజరు పడిన మర్నాటికల్లా ‘24 గంటల్లో ఇన్ని కోట్లు’ అని పోస్టరు రావడం మనకు అలవాటే. ఈ పందేనికి ఒక షరతు రావడం వెనుక మన దేశపు పాట ఉంది. 2019 జులైలో ర్యాపర్ బాద్షా ‘పాగల్’ పాటకు ఒక్క రోజులో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించారు. అప్పటి రికార్డు కొరియా బృందం బీటీఎస్‌ది, 7.46 కోట్లు. కానీ యూట్యూబు కిమ్మనలేదు. పాటను ప్రకటనగా పెట్టి ప్రచారం చేసుకునే వెసులుబాటు గూగులే అమ్ముతుంది, ఆ ప్రకటన చూసినవీ వ్యూస్‌లో కలిసేవి. కొనుక్కోవడం తప్పేమీ కాదు, చాలా కంపెనీలు చేసేదే. అయితే కొన్నదాన్ని రికార్డనాలా? ఆ సెప్టెంబరులో యూట్యూబు తేల్చేసింది: 24 గంటల రికార్డుకు డబ్బిచ్చి చూపించిన చూపులు చెల్లవు, జనం తమంతట వచ్చి చూసినవే లెక్క. ఆ కొత్త నిబంధన కిందనే 2020 ఆగస్టులో బీటీఎస్ ‘డైనమైట్’ ఒక్క రోజులో 10 కోట్లు దాటి చూపించింది. నిబంధన వచ్చిందని మన పోస్టర్లేమీ తగ్గలేదనుకోండి.

ఎవరి కొలబద్ద వారిది

అన్నిటికంటే పెద్ద వింత రికార్డుల్లో లేదు, కొలతలో ఉంది. ఫేస్‌బుక్కులో చాలాకాలం వీడియో 3 సెకన్లు ఆడితే చాలు, ఒక వ్యూ కింద లెక్కేసేవారు. వేలితో తోసుకుంటూ పోతుంటే దానంతటదే మొదలయ్యే వీడియోకు 3 సెకన్లంటే ఎంతో చెప్పక్కర్లేదు. యూట్యూబు షార్ట్స్‌కు 2025 మార్చి 31 నుంచి ఆ మూడు సెకన్లు కూడా అవసరం లేదు, ఆడటం మొదలైతే వ్యూ, మళ్లీ మొదటికొస్తే ఇంకో వ్యూ. ఆ నెలాఖరున రాత్రికి రాత్రే తమ ప్రతిభ పెరిగిందని మురిసిపోయినవాళ్లు ఉండే ఉంటారు. ట్విట్టరు, అంటే ఇప్పటి ఎక్స్, 2022 డిసెంబరులో ప్రతి పోస్టు కిందా వ్యూస్ చూపించడం మొదలుపెట్టింది. అందులో మన పోస్టును మనం చూసుకున్నా లెక్కే. ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చూస్తే రెండు. కాబట్టి ‘అక్కడ లక్ష వచ్చింది, ఇక్కడ పదివేలే’ అని రెండు చోట్ల అంకెలు పక్కపక్కన పెట్టి బాధపడటం దండగ.

కొలిచేవాడే తప్పు కొలిచిన కథ ఒకటుంది. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఒప్పుకున్న సంగతి ఇది. ఒక వీడియోను జనం సగటున ఎంతసేపు చూశారో ప్రకటనదారులకు అది రెండేళ్లుగా ఎక్కువ చేసి చెబుతూ వచ్చింది, 60 నుంచి 80 శాతం దాకా. ఎలాగంటే, పదిమందికి వీడియో కనబడింది. అయిదుగురు ఒక్కో సెకను చూసి తోసేశారు, అయిదుగురు 20 సెకన్ల చొప్పున చూశారు. మొత్తం 105 సెకన్లు. పదితో భాగిస్తే పదిన్నర. ఫేస్‌బుక్ మాత్రం 3 సెకన్లు దాటిన అయిదుగురితోనే భాగించేది. వచ్చేది 21. అందరికంటే ఎక్కువ చూసినవాడు 20 సెకన్లు చూస్తే సగటు 21 అన్నమాట! ఆ లెక్క నమ్మి డబ్బు పెట్టినవాళ్లు కోర్టుకెక్కారు. 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

లైకుల దగ్గర ఇంత గందరగోళం లేదు. ఒక ఖాతాకు ఒకటే. అందుకే 2019 జనవరి 4న ఇన్‌స్టాగ్రాంలో ఎవరో పెట్టిన ఒక కోడిగుడ్డు ఫొటో తొమ్మిది రోజుల్లోనే అమెరికా సెలబ్రిటీ కైలీ జెన్నర్ 1.8 కోట్ల లైకుల రికార్డును బద్దలు కొట్టిందంటే అన్ని ఖాతాలు నిజంగా వేలు కదిపినట్టే. ఉత్త గుడ్డు. ప్రపంచకప్పు ఎత్తిన మెస్సీ ఫొటో వచ్చేదాకా, 2022 డిసెంబరు వరకు దాన్ని ఎవరూ దించలేకపోయారు. రీట్వీట్లదీ ఒక ఖాతాకు ఒకటే లెక్క గానీ, అక్కడ డబ్బు కూడా మాట్లాడింది: 2019 జనవరిలోనే జపాన్ వ్యాపారి యుసాకు మాయెజావా, రీట్వీట్ చేసినవాళ్లలో 100 మందికి కలిపి 10 కోట్ల యెన్లు పంచుతానన్నాడు. అంతవరకున్న రికార్డు కూలిపోయింది.

మనవాళ్లు అందరికంటే ఎక్కువ తిరిగే వాట్సాపులో మాత్రం, ఒక ఫార్వర్డు ఎంతమందిని చేరిందో పంపినవాళ్లకు తెలిసే దారే లేదు. చాలాసార్లు చేతులు మారితే జంట బాణం గుర్తు పడుతుంది, అంతే. 2020 ఏప్రిల్లో అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేస్తే వాటి జోరు 70 శాతం తగ్గిందని కంపెనీ చెప్పింది. స్టేటస్ సంగతి వేరు. అక్కడ అంకెతో పాటు పేర్లూ కనిపిస్తాయి. ఏ బావగారు చూసీ పలకరించలేదో పట్టిచ్చే మీటరు అది!

లైకు కొట్టనివాళ్లు

ఇక మామూలు మనిషి, మామూలు పోస్టు. 2013లో స్టాన్‌ఫర్డ్, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి 2,22,000 మంది పోస్టుల లెక్కలు తీశారు. మైకేల్ బెర్న్‌స్టీన్ అందులో ముఖ్యుడు. మీ పోస్టును ఎంతమంది చూసి ఉంటారని కొందరిని అడిగి, ఆ జవాబును అసలు లెక్కతో పోల్చారు. నిజంగా వందమంది చూసిన చోట జనం ఊహించింది 27. మామూలుగా ఒక పోస్టు స్నేహితుల జాబితాలో 35 శాతం మందికి చేరుతోంది. నెల మొత్తం మీద పోస్టులన్నీ కలిపితే 61 శాతానికి.

ఊహ ఎందుకు అంత తప్పింది? లైకులు, కామెంట్లు చూసి అంచనా వేసుకుంటాం కాబట్టి. వాటికీ చూసినవాళ్ల సంఖ్యకూ గట్టి పొంతన లేదని అదే పరిశోధన తేల్చింది. పన్నెండు లైకులొచ్చిన పోస్టును వందమంది చూసి ఉండొచ్చు, మూడు వందలమంది చూసి ఉండొచ్చు. నా మటుకు నాకు ఇంకో కారణం కూడా తోస్తుంది: ‘చూడలేదు పాపం’ అనుకోవడంలో ఉన్న ఊరట ‘చూసి కూడా ఊరుకున్నారు’ అనుకోవడంలో లేదు. ఆ తర్వాత ఫేస్‌బుక్ ఫీడు చాలా మారింది, 35 శాతం ఇప్పుడు అలాగే ఉండకపోవచ్చు. కానీ నోరు మెదపకుండా చూసిపోయేవాళ్లు అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే.

కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి తాళం వేసి తిరుపతి బయల్దేరుతూ రైల్వే స్టేషను నుంచి ఫొటో పెట్టి, ఎనిమిది లైకులేగా అనుకునేవారికి ఒక మనవి. మీరు తిరిగొచ్చాక, ప్రసాదం పంచేటప్పుడు పెట్టండి ఆ ఫొటోలు.