ముగ్గులో దాగిన సంఖ్య

బాలలారా! సంక్రాంతి రోజుల్లో తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఏ వీధికి వెళ్లినా ముంగిట ముగ్గులు కనిపిస్తాయి. మీరూ ఒక చతురస్రం వేయండి. ఒక్కొక్క భుజం ఒక మూర ఉండాలి. ఇప్పుడు ఒక మూల నుంచి ఎదురు మూలకు గీత గీయండి. ఆ కర్ణం ఎన్ని మూరలు?

రెండు భుజాల వర్గాలను కలిపితే 1 + 1 = 2. కనుక కర్ణం √2 మూరలు. సరే, √2 అంటే ఎంత?

క్రీస్తుకు కొన్ని శతాబ్దాల పూర్వమే బోధాయనుడు తన శుల్బసూత్రాలలో ఒక ఉపాయం చెప్పాడు. యజ్ఞవేదికలు కట్టేవారికి ఈ కొలత కావాలి మరి! 1కి దానిలో మూడోవంతు కలపండి. ఆ మూడోవంతులో నాలుగోవంతు కూడా కలపండి. ఈ నాలుగోవంతులో 34వ వంతు తీసివేయండి. వచ్చేది 577/408, అంటే 1.414215... అసలు విలువ 1.414213... ఎంత దగ్గరో చూశారా?

దగ్గరే గాని, సమానం కాదు సుమా! 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. ఒక్కటి తేడా!

"ఇంకా పెద్ద సంఖ్యలు తీసుకుంటే కుదరదా?" అని మీరు అడగవచ్చు. ఎన్నటికీ కుదరదు. ఏదో ఒక భిన్నం √2కు సమానమనుకుందాం. లవహారాలు రెండూ సరిసంఖ్యలు కాకుండా దాన్ని ముందే కుదిద్దాం. లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు గనుక లవం సరిసంఖ్య. సరిసంఖ్య వర్గం 4తో నిశ్శేషంగా పోతుంది. అప్పుడు హారం వర్గం 2తో పోవాలి. అంటే హారమూ సరిసంఖ్యే! రెండూ సరి కావని ముందే అనుకున్నాం కదా? కనుక అటువంటి భిన్నమే లేదు.

పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగినది అకరణీయ సంఖ్య. రాయలేనిది కరణీయ సంఖ్య. ముందు "అ" ఉన్నది చూసి తికమకపడకండి. అకరణీయమే మనకు అలవాటైన భిన్నం. ఆ కర్ణానికి శుల్బసూత్రాలలో ద్వికరణి అని పేరు. "కరణి" అనే మాట నేటికీ మన లెక్కల పుస్తకాలలో ఉంది.

దశాంశాలు ఆగినా, 1/7 = 0.142857142857... లాగా ఒకే వరస తిరిగి తిరిగి వచ్చినా అది అకరణీయం. ఆగక, వరసా తిరగక సాగేది కరణీయం. కాని కాలిక్యులేటరు చూసి తీర్పు చెప్పకండి. అంకెలు అక్కడ ఆగాయంటే దానిలో చోటు చాలలేదన్నమాట!

మరి వీటిలో కరణీయం ఏది: √16, 0.75, √5, 22/7?

జవాబు: √5 ఒక్కటే. √16 అంటే 4. ఇక 22/7 భిన్నమే. Π విలువకు దగ్గరిదే గాని, π కాదు. π మాత్రం కరణీయం.