మొబైల్ ప్రాక్సీ

మొబైల్ ప్రాక్సీ అనగా వాడుకరికి, వెబ్‌సైటుకు నడుమ మధ్యవర్తిగా నిలిచి, సెల్‌ఫోను నెట్‌వర్కు యొక్క ఐపీ చిరునామాతో సమాచారాన్ని చేరవేసే ఏర్పాటు. ఇందుకు వాడే ఫోనులు, సిమ్ కార్డు గల మోడెముల సముదాయమే మొబైల్ ప్రాక్సీ నెట్‌వర్కు.

పనిచేయు విధానం

ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు మాత్రమే. అవి చాలనందున టెలికాం సంస్థలు ఒకే చిరునామాను అనేక ఫోనులకు ఉమ్మడిగా ఇస్తాయి. దానిని నిరోధించినచో నిర్దోషులకు కూడా ఆటంకం కలుగును కనుక వెబ్‌సైటులు వెనుకాడతాయి. మొబైల్ ప్రాక్సీకి బలం ఇదే. పైగా ఆ చిరునామా తరచు టెలికాం సంస్థ గేట్‌వే ఉన్న చోటును సూచిస్తుంది. అందువలన నెల్లూరు జిల్లా మైపాడు తీరాన ఉన్న ఫోను చెన్నైలోనో, హైదరాబాదులోనో ఉన్నట్లు కనిపించవచ్చు.

ఉపయోగాలు

తమ వెబ్‌సైటు, ప్రకటనలు మొబైల్ వాడుకరులకు ఎట్లు కనబడుచున్నవో సంస్థలు పరీక్షించుటకు ఇది తగినది. కార్యాలయ నెట్‌వర్కును దూరం నుండి చేరుటకు వీపీఎన్ చాలును. అపరిచిత ప్రాక్సీ ద్వారా బ్యాంకు లావాదేవీలు జరపరాదు.

జాగ్రత్తలు

కొన్ని ఉచిత అనువర్తనాలు యజమానికి తెలియకుండానే అతని పరికరాన్ని ప్రాక్సీగా మారుస్తాయి. అప్పుడు ఇతరులు చేసిన నేరానికి అతని చిరునామాయే జాడగా మిగులుతుంది. 2024 మే నెలలో అమెరికా అధికారులు మూసివేయించిన 911 ఎస్5 నెట్‌వర్కు, ఉచిత వీపీఎన్‌ల ద్వారా ఇట్లే కంప్యూటర్లలో చొరబడి, 1.9 కోట్లకు పైగా ఐపీ చిరునామాలను వాడుకున్నది.

ఇవి కూడా చూడండి

ప్రాక్సీ సర్వరు, ఐపీ చిరునామా, వీపీఎన్