మన తోట కాఫీ – లివరుకు మేలా, కొలెస్టరాల్‌కు చేటా?

"సిస్టరమ్మా, కాఫీ లివరుకి మంచిదంట గదా! రోజుకి ఐదారుసార్లు తాగుతాను. పంచదార కూడా వెయ్యను. మరి నాకీ కొలెస్టరాల్ ఎలాగొచ్చింది?"

ఈ మధ్య రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఓ.పి.కి వచ్చిన ఒక కాఫీ రైతు ఇలా అడిగారు. కాఫీ ఎలా కాస్తారని అడిగాను. ఇంట్లో వేయించి దంచిన పొడిని గిన్నెలో వేసి మరిగిస్తారట. ఆ గిన్నె పొద్దున్నుంచీ పొయ్యి మీదే ఉంటుందట. పొడి అడుగుకు దిగాక పైది గ్లాసులోకి వంచుకుంటారట. ఆయన ప్రశ్నకు కొంత సమాధానం అక్కడే ఉంది.

డుంబ్రిగుడ చుట్టుపక్కల సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ తోటలు లేని ఊరు తక్కువ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన చేతులతో కోసి, ఎండబెట్టిన పంట మన ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడం మనకు అవసరం.

లివరుకు మేలు ఎంతవరకు?

బ్రిటన్‌లో 4 లక్షల 94 వేల మందికి పైగా మనుషులను సుమారు 10 సంవత్సరాలు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. కాఫీ తాగేవారిలో దీర్ఘకాలిక లివరు జబ్బులు 21 శాతం తక్కువగా కనిపించాయి. ఆ జబ్బులతో మరణించడం 49 శాతం తక్కువగా ఉంది. కెఫీన్ తీసేసిన కాఫీ తాగినవారిలోనూ మేలు కనిపించింది.

అయితే ఒక్క మాట. ఇది మనుషుల అలవాట్లను గమనించి చెప్పిన విషయం. కాఫీని మందుగా ఇచ్చి జబ్బు నయం చేసిన విషయం కాదు. కామెర్లు వచ్చినవారు కాఫీ తాగుతూ ఇంట్లో కూర్చుంటే ప్రాణానికే ప్రమాదం. కళ్ళు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి అయినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

కొలెస్టరాల్ సంగతి

నార్వే దేశంలో ట్రోమ్సో అనే చలి పట్టణం ఉంది. కాఫీ ఎక్కువ తాగేవారి రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని అక్కడి డాక్టర్లు 1983లో ప్రకటించారు. ఆ దేశాల్లో చాలామంది అప్పట్లో మన రైతు కాచినట్టే పొడిని నీళ్ళలో మరిగించి తాగేవారు. కాగితపు ఫిల్టరులో వడకట్టిన కాఫీతో ఇలా పెరగడం లేదని తరువాతి పరీక్షల్లో తేలింది.

కారణం కాఫీ గింజలో ఉండే నూనె. అందులో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. మన లివరు కొలెస్టరాల్‌ను పైత్యరసంగా మార్చి బయటికి పంపుతుంది. కెఫెస్టాల్ ఆ పనిని మందగింపజేస్తుంది. దానితో కొలెస్టరాల్ రక్తంలో మిగిలిపోతుంది. రోబస్టా కంటే మనం పండించే అరబికాలో ఇది ఎక్కువ.

మరిగించి, వడకట్టని కప్పు కాఫీలో సుమారు 3 నుండి 6 మిల్లీగ్రాముల కెఫెస్టాల్ ఉంటుంది. రోజూ 10 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళితే కొన్ని వారాల్లో కొలెస్టరాల్ సుమారు 5 పాయింట్లు పెరుగుతుంది. అంటే రోజుకు ఐదు కప్పులు తాగేవారికి 15 పాయింట్ల వరకు పెరగవచ్చు. కొలెస్టరాల్‌కు వంశం, వయసు, థైరాయిడ్, షుగరు జబ్బు వంటి కారణాలూ ఉంటాయి. కానీ ఈ ఒక్క కారణాన్ని మన వంటింట్లోనే సరిచేసుకోవచ్చు.

ఏం చేయాలి?

కాఫీ మానక్కర్లేదు, వడకట్టండి. కాగితపు ఫిల్టరు అన్నింటికంటే మంచిది. అది దొరకకపోతే శుభ్రమైన దళసరి నూలు గుడ్డను రెండు మడతలు వేసి వడకట్టండి. గుడ్డ కూడా కెఫెస్టాల్‌ను చాలావరకు ఆపుతుంది. టీ జల్లెడ చాలదు, దాని రంధ్రాల గుండా నూనె దిగిపోతుంది. వాడిన గుడ్డను వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇన్‌స్టంట్ కాఫీలో కెఫెస్టాల్ చాలా తక్కువ.

ఎంత తాగవచ్చు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే మూడు చిన్న గ్లాసులు చాలు. గర్భిణులు ఇంకా తగ్గించి, ఒక గ్లాసుతో సరిపెట్టుకోవడం మంచిది.

భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీ తాగవద్దు. చోడి అంబలిలో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. తల్లులారా, ఐరన్ మాత్రను కాఫీతో మింగకండి, మంచినీళ్ళతో మింగండి.

కొలెస్టరాల్ మాత్ర రాసిచ్చి ఉంటే, కాఫీ వడకడుతున్నాం కదా అని దాన్ని మానవద్దు.

అసలు ప్రశ్న

ఆ రైతును చివరగా ఒకటడిగాను. "మరి సాయంత్రం ఏం తాగుతారు?" ఆయన తల వంచుకున్నారు. పక్కనున్న భార్య చెప్పింది. "జీలుగు కల్లు దొరికే రోజుల్లో కల్లు, లేకపోతే సారా. పగలంతా కాఫీ తాగితే రాత్రి తాగింది విరిగిపోతుందని చెబుతాడమ్మా."

విరిగిపోదు. ఈ మాట గట్టిగా చెప్పడానికే ఇదంతా రాశాను. సారా వలన పాడైన లివరును కాఫీ తిరిగి బాగుచేయదు. మేలు చేస్తుందన్న నమ్మకంతో సారా కొనసాగిస్తే, కాఫీ మనల్ని మోసం చేసినట్టే. లివరు గట్టిపడే వరకు పైకి ఏ నొప్పీ తెలియకపోవచ్చు. తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకని సిగ్గుపడకుండా డాక్టరుగారికి చెప్పి, ఆయన సలహాతో మానండి.

ఆ రైతు మూడు నెలల తరువాత మళ్ళీ రక్తపరీక్షకు రావాలి. వెళ్ళేటప్పుడు భార్య నా దగ్గరకు వచ్చి, "గుడ్డ నేను కుడతాను, కల్లు సంగతి మీరు చూడండి" అంది. ఇద్దరం కలిసి చూద్దామన్నాను.