ద్వారబంధమున నిలిచిన పంకా

చలిదేశపు గృహస్థుడు శీతకాలమంతయు ఇంధనమును కాల్చి వెచ్చజేసికొన్న గాలి, గోడల సందులనుండియు, అటకమీది చిల్లులనుండియు అహోరాత్రములు వెలికి జారిపోవుచునే యుండును. ఆ సందులు కంటికి కానరావు; ఎన్ని గలవో లెక్కింప శక్యము కాదు. అయినను వాటి మొత్తమును ఒక్కపూటలో కొలిచి చెప్పగల యంత్రమొకటి కలదు. బ్లోయర్ డోర్ అని దాని పేరు. వీధితలుపు తెరచి, ద్వారబంధమునకు బిగుతైన గుడ్డతెరను అమర్చి, తెర నడుమ బలమైన పంకా నొకదానిని నిలిపినచో యంత్రము సిద్ధమైనట్లే. ఇంత సామాన్యమైన పరికరము అంత నిగూఢమైన విషయమును బయటపెట్టుట నాకు ఎన్నటికిని తరుగని ఆశ్చర్యము.

పంకా ఇంటిలోని గాలిని వెలుపలికి తోడివేయగా లోపలి పీడనము తగ్గి, బయటిగాలి ప్రతి సందునుండియు లోనికి చొరబడును. చిల్లులకుండలో నీటిమట్టము కదలక నిలువవలెనన్న కారినంత నీరును పోయుచునే యుండవలెను. పోసిన నీటిని కొలిచిన, చిల్లులను చూడకయే కారుచున్న దెంతయో తెలియును. అట్లే లోపలి పీడనమును వెలుపలికంటె 50 పాస్కళ్లు తక్కువగా నిలుపుటకు పంకా ఎంత గాలిని తోడవలసివచ్చునో, సందులన్నియు గలసి అంతగాలిని లోనికి విడుచుచున్నవన్నమాట. 50 పాస్కళ్లనగా సుమారు 5 మిల్లీమీటర్ల నీటిమట్టపు ఒత్తిడి మాత్రమే. అది ఇంటికి హాని చేయదు గాని, ఆనాటి ఈదురుగాలియు, లోపలి వెలుపలి ఉష్ణభేదమును కలిగించు చిల్లర ఒత్తిడులను మరుగుపరచుటకు చాలును. 400 ఘనమీటర్ల ఇంటినుండి గంటకు 4000 ఘనమీటర్లు తోడవలసివచ్చినచో, ఆ ఒత్తిడివద్ద ఇంటిగాలి గంటకు 10 సార్లు మారుచున్నదని అర్థము.

నేను మిక్కిలి మెచ్చునది దీని తరువాతి మెట్టు. ఒత్తిడిని మార్చి మార్చి ప్రవాహమును కొలుతురు. వెడల్పైన రంధ్రమైనచో ఒత్తిడి నాలుగింతలైనను ప్రవాహము రెండింతలే యగును. సన్నగా, పొడవుగా సాగిన నెర్రె యైనచో ప్రవాహమును నాలుగింత లగును. నిజమైన ఇండ్లు ఈ రెండింటి నడుమ నుండును. కావున ఆ కొలతలను లాగరితమ్ గ్రాఫుమీద గుర్తించి గీత వాలును పరిశీలించినచో, గాలి ఎంత పోవుచున్నదో తెలియుటయే గాక, ఎటువంటి మార్గమున పోవుచున్నదో కూడ కొంత ఊహింపవచ్చును. గోడను తాకకయే గోడలోని పగులు స్వభావమును గ్రహించు ఈ ఉపాయమును నేను భౌతికశాస్త్రపు అందమైన ఉపాయములలో ఒకటిగా నెంచుదును.

ఈ పంకా 1977 ప్రాంతమున స్వీడన్‌లో కిటికీకి బిగింపబడి వాడుకలోనికి వచ్చెను. 1979లో ఓకె బ్లోమ్‌స్టెర్‌బెర్గ్ అను పరిశోధకుడు దానిని అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు గొనిపోగా, అచట తలుపుచోటికి మారినది. అంతకుముందే అచటి పరిశోధకులు న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ ఇండ్లలో వేడిమి లెక్కకు మించి అటకకు ఎక్కిపోవుచున్నదని గ్రహించియుండిరి; పొగగొట్టము చుట్టును, గొట్టములు దూరిన చోటులను, గోడల బోలునను దాగిన అట్టి దారులను వెదకుటకు ఈ యంత్రము వారికి చక్కగా ఉపకరించెను.

కెనడాలోని రెజీనాలో 1977లో నిర్మించిన సస్కాచవాన్ కన్సర్వేషన్ హౌస్ మరొక చిక్కును విప్పినది. హెరాల్డ్ ఓర్ మొదలగు ఇంజనీర్లు దానిని, పైజెప్పిన పరీక్షలో గాలి గంటకు 1 సారియైనను మారనంత బిగుతుగా కట్టిరి. అంత బిగిసిన ఇంట ఊపిరియాడు టెట్లు? పల్చని రేకులకు ఇరుప్రక్కల ఎదురెదురుగా పాత గాలిని, కొత్త గాలిని నడపి, ఒకటి తన వేడిమిని రెండవదానికి అప్పగించి పోవునట్లు చేసిరి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వెలసిన పాసివ్ హౌస్ ఈ మార్గముననే నడచినది. ఆ పద్ధతికి నేటి పరిమితి, అదే పరీక్షలో గాలి గంటకు 0.6 సార్లు మాత్రమే మారుట.

బిగుతు చేయుటలో అపాయము లేకపోలేదు. వంటింటి ఎగ్జాస్ట్ పంకా గాలిని వెలికి లాగునపుడు, సందులు పూడిన ఇంట పొగగొట్టముద్వారా గాలి వెనుకకు దిగి, దానితో రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడ్ గదులలోనికి రావచ్చును. కావున కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను కాపురములున్న మనవారు ఇంటి సందులు పూడ్పించుటకు పూనుకొన్నచో, పడకగదుల చెంత కార్బన్ మోనాక్సైడ్ అలారమును అమర్చుకొని, పని ముగిసిన పిదప పొగగొట్టము సరిగా లాగుచున్నదో లేదో నిపుణునిచే మరల పరీక్షింపజేసికొనవలసినదని మనవి.