బాతు వేళ్ల మధ్య తోలు ఎలా మిగులుతుంది?

పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పొదగేస్తుంటారు. అదే గంప, అదే వెచ్చదనం. అయినా 28 రోజులకు బయటికొచ్చే బాతుపిల్ల వేళ్ల మధ్య తోలు ఉంటుంది, 21 రోజులకొచ్చే కోడిపిల్లకు ఉండదు. ఎందుకు?

బాతుకు తోలు పుట్టించే జన్యువేదో అదనంగా ఉందేమో అనిపిస్తుంది. గుడ్డులో ఆరు రోజుల కోడి పిండాన్ని చూస్తే ఆ అనుమానం నిలవదు. దాని పాదం తెడ్డులా ఉంటుంది, వేళ్ల మధ్య కండ నిండుగా ఉంటుంది. ఏడెనిమిది రోజులకు ఆ మధ్య కణాలు వాటంతటవే చనిపోయి వేళ్లు విడివడతాయి. కోడికీ తోలు ఉండేదన్నమాట, పోగొట్టుకుంటుంది. మరి బాతు ఎలా నిలుపుకుంటోంది?

కణాలను చావమనే సంకేతం బీఎంపీ అనే ప్రొటీన్లది. నిజానికి వీటికి పేరొచ్చింది ఎముకను పుట్టించే గుణం వల్ల. వేలిలో మృదులాస్థిని పెంచేవీ, వేళ్ల సందుల్లో కణాలను చంపేవీ ఇవే.

మరి బాతులో ఈ సంకేతం లేదా? ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోందో కంటితో చూడవచ్చు. పనిచేసే జన్యువు తన ఆర్‌ఎన్‌ఏ నకళ్లను తయారుచేస్తుంది. ఆ నకలుకే అతుక్కునే ఆర్‌ఎన్‌ఏ ముక్కకు డిజాక్సిజెనిన్ అనే గుర్తు తగిలించి, పిండాన్ని అందులో నానబెడతారు. డిజాక్సిజెనిన్ డిజిటాలిస్ మొక్కల పదార్థం, జంతువుల ఒంట్లో ఉండదు కాబట్టి పొరపడే భయం తక్కువ. తర్వాత రంగు తేలే మందు వేస్తే, పాలిపోయిన పిండంలో ఆ జన్యువు పనిచేసిన చోటు మాత్రం ఊదాగా మారుతుంది.

బీఎంపీల్లో ఒకటైన బీఎంపీ4 కోసం ఇలా చూస్తే రెండు పక్షుల్లోనూ వేళ్ల సందుల్లో రంగు పడుతుంది. గ్రెమ్లిన్ అనే జన్యువు దగ్గరే తేడా. బాతు వేళ్ల సందులు ఊదాగా మారతాయి, కోడివి మారవు. గ్రెమ్లిన్ ప్రొటీన్ బీఎంపీని పట్టేసి కణాలకు చేరనివ్వదు. గ్రెమ్లిన్ కోడికీ ఉంది, కాలు మొలిచే తొలి దశలో వాడుకుంటుంది కూడా. కాకపోతే ఈ చోట, ఈ వేళకు అది పనిచేయదు.

రంగు చూపేది జాడ మాత్రమే, కారణం తేలాలంటే జోక్యం చేసుకోవాలి. 1999లో అదే చేశారు. గ్రెమ్లిన్ ప్రొటీన్‌లో నానిన చిన్న పూసను కోడి పిండం వేళ్ల సందులో పెట్టారు. అక్కడి కణాలు బతికాయి, కోడి కాలికి బాతు తోలు మిగిలింది. అంతకుముందే, 1996లో, హాంగ్‌యాన్ జూ, లీ నిస్వాండర్ కోడి కాలి కణాలకు బీఎంపీ సంకేతం అందకుండా చేసి చూశారు. తోలు నిలిచింది. దాంతోపాటు, కాలి మీద పొలుసులు రావలసిన చోట ఈకలు మొలిచాయి.